లేబుల్ మీద రీసెర్చ్, చేతిలో సిరంజి

"రీసెర్చ్ కోసం మాత్రమే, మనుషులు వాడకూడదు." చర్మానికి టాన్, అంటే ముదురు రంగు, తెప్పిస్తుందని అమ్మే మెలనోటాన్ 2 పొడి సీసాల మీద రాసుండే మాట ఇది. అదే అమ్మకందారు ఆ సీసాతో పాటు సన్న సూది సిరంజిలు అమ్ముతాడు, పొడి కలుపుకునే నీళ్లు అమ్ముతాడు, రోజుకి ఎంత ఎక్కించుకోవాలో చెప్తాడు, సూదంటే భయపడేవాళ్లకి ముక్కులో కొట్టుకునే స్ప్రే కూడా ఇస్తాడు. ఏ ల్యాబ్‌కి కావాలి ఆ స్ప్రే? మనుషుల కోసమే తయారుచేసి, మనుషులకే అమ్మి, మనుషులకి కాదని రాస్తే ఒప్పేసుకోవాలా? మేం ఒప్పుకోం.

దీని వెనకున్న సైన్స్ మంచిదే, మాకు దాని మీద గౌరవం ఉంది. ఎండ తగిలితే మన ఒంట్లో ఆల్ఫా ఎంఎస్‌హెచ్ అనే 13 అమైనో ఆమ్లాల హార్మోన్ చర్మంలోని మెలనోసైట్లు అనే కణాలకి కబురు పంపుతుంది, అవి చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారుచేస్తాయి. ఆ హార్మోన్ ఒంట్లో త్వరగా కరిగిపోతుంది కాబట్టి 1980ల్లో అరిజోనా యూనివర్సిటీ సైంటిస్టులు ఎక్కువసేపు నిలిచే సింథటిక్ రూపాల మీద పనిచేశారు. ఎండలో మాడకుండానే చర్మానికి రంగు వస్తే స్కిన్ కేన్సర్ తగ్గుతుందేమో అన్నది వాళ్ల ఆశ. అందులోంచి అఫామెలనోటైడ్ అనే మందు సరైన దారిలో బయటికొచ్చింది, యూరప్‌లో 2014లో, అమెరికాలో 2019లో అనుమతి దొరికింది. అదీ అందరికీ కాదు, కాసేపు వెలుతురు పడితేనే చర్మం భగ్గుమని మండిపోయే ఈపీపీ అనే అరుదైన జబ్బు ఉన్నవాళ్లకే. డాక్టరే 16 మిల్లీగ్రాముల ఇంప్లాంట్‌ని చర్మం కింద పెట్టాలి, ఏడాదికి రెండుసార్లు ఒళ్లంతా మచ్చలు చెక్ చెయ్యాలి. దశాబ్దాలు పట్టింది ఇంతదూరం రావడానికి.

మెలనోటాన్ 2కి ఇవేవీ లేవు. టాన్ కోసం దాన్ని ఏ పెద్ద నియంత్రణ సంస్థా అనుమతించలేదు. అది రంగుకి సంబంధించిన ఎంసీ1 రిసెప్టార్ (కణం మీద హార్మోన్ కబురు అందుకునే చోటు) దగ్గరే ఆగదు, మెదడులో ఆకలినీ, లైంగిక స్పందననీ నడిపించే ఎంసీ4నీ తడుతుంది. అందుకే వికారం, వాంతులు, మొహం ఎర్రబడటం, మగవాళ్లలో గంటలకొద్దీ తగ్గని అంగస్తంభన. మమ్మల్ని అన్నిటికన్నా భయపెట్టేది పుట్టుమచ్చలు. ఉన్నవి నల్లబడతాయి, కొత్తవి వస్తాయి. మెలనోమా అనే ప్రమాదకరమైన స్కిన్ కేన్సర్‌ని తొందరగా పట్టుకోవడానికి డాక్టర్లు చూసేది మచ్చలో మార్పునే కదా, ఆ గుర్తునే ఇది గందరగోళం చేసేస్తోంది. వాడినవాళ్లలో మెలనోమా కనిపించిన కేసులు మెడికల్ జర్నల్స్‌లో ఉన్నాయి, కారణం ఇదేనని రుజువు కాలేదు, కాదనీ రుజువు కాలేదు. పోనీ దీంతో వచ్చిన రంగు ఎండని ఆపుతుందా అంటే, మామూలు టాన్ ఇచ్చే రక్షణే సన్‌స్క్రీన్ల మీద రాసే ఎస్పీఎఫ్ లెక్కలో 3, 4 మించదు.

పెద్దవాళ్ల ఒళ్లు వాళ్లిష్టం, గట్టి రూల్స్ పెడితే నిజమైన ల్యాబ్‌లకి ఇబ్బంది అనేవాళ్లూ ఉన్నారు. నిజమైన ల్యాబ్ సిరంజి కిట్టుతో కలిపి కొనదు, టాన్ అయ్యాక ఫొటో పెట్టదు.

అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2007లోనే మెలనోటాన్ 2 గురించి హెచ్చరించింది, బ్రిటన్‌లో అదే పని చేసే ఎంహెచ్‌ఆర్‌ఏ 2008లో హెచ్చరించింది. "రీసెర్చ్ కోసం మాత్రమే" అనే ఆ ఒక్క లైన్ చాటున అమ్మకాలు మాత్రం ఆగలేదు, ఆగకపోయేసరికి మిగతావాళ్లు కూడా నేర్చుకున్నారు. బరువు తగ్గించే సెమాగ్లూటైడ్ మీద అదే లైన్, ట్రయల్స్ పూర్తి కాకుండానే అలాంటిదే ఇంకో మందు రెటాట్రుటైడ్ మీద అదే లైన్. ఒక్క వాక్యం రాస్తే మందుల చట్టం మొత్తం పక్కకి తప్పుకుంటుందంటే, రేపు ఏ సీసాలో ఏం పోసి అమ్మినా అడిగే హక్కు ఎవరికుంటుంది? ట్రయల్స్ కోసం ఏళ్లు ఖర్చుపెట్టి, డాక్టర్ల చేతికే ఇచ్చే కంపెనీ ఎందుకు పెట్టాలి అంత ఖర్చు?

అధికారులు లేబుల్ చదవడం ఆపి అమ్మే తీరు చూడాలి. డోస్ చెప్పినవాడు, సిరంజి ఇచ్చినవాడు మందు అమ్మినట్టే, కేసు అలాగే పెట్టాలి. యాడ్ డబ్బులు తీసుకుని ఈ సరుకు వాడమనే వీడియోలు పైకి తోసే ప్లాట్‌ఫామ్‌లు మాకు తెలీదంటే కుదరదు. ఇక ఆ స్ప్రే పట్టుకుని కెమెరా ముందు నవ్వుతున్న ఇన్‌ఫ్లూయెన్సర్లూ, మీ మాట విని ముక్కులో కొట్టుకుంటున్నవాళ్లలో స్కూలు పిల్లలున్నారు. వాళ్ల మచ్చలు ఎవరు చెక్ చేస్తారు, మీరా?