గోపాలపూర్‌లో ఇరవై నిమిషాలు

సంక్రాంతి సెలవులకు మా అన్నయ్య కొడుకు హైదరాబాదు నుంచి ముగ్గురు స్నేహితులను వెంటబెట్టుకుని కారులో వచ్చాడు. ఒడిశాలోని బరంపురంలో మా ఇంట్లోనే దిగారు. మర్నాడు పది గంటలకు బయలుదేరి, చీకటి పడేలోపు గోపాలపూర్, ఆర్యపల్లి, ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటు, రంభ అన్నీ చుట్టబెట్టి వచ్చారు. ఆ మర్నాడు సోనాపురం, బారువ చూసుకుంటూ తిరుగు ప్రయాణం. గోపాలపూర్‌లో ఎంతసేపు ఉన్నారురా అని అడిగితే ఇరవై నిమిషాలన్నాడు. "అక్కడ ఇసుక తప్ప ఏముంది అత్తా?" అన్నాడు.

వాడిని ఏమీ అనలేదు. ఇంకోలా చూడవచ్చని వాడికి ఎవరూ చెప్పలేదు. కానీ ఆ మాట పది రోజులుగా నన్ను పొడుస్తూనే ఉంది, అందుకే ఈ పోస్టు. ఈ మధ్య మా తీరానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమందిది ఇదే వరస. "రెండు రోజుల్లో ఆరు సముద్ర తీరాలు" అని అచ్చువేసిన కరపత్రం ఒకటి నా చేతికే వచ్చింది. బడిలో ఇరవై ఏళ్ళుగా హాజరు వేస్తున్నదాన్ని. పేరు పిలవగానే పలికిన ప్రతివాడూ పాఠం విన్నట్టు కాదని నాకు బాగా తెలుసు. ఈ ప్రయాణాలు చూస్తే నాకు ఆ హాజరు పట్టీయే గుర్తుకొస్తుంది.

అసలు వాళ్ళు వచ్చే వేళే తప్పు. మా తీరం తెల్లవారుజామున నాలుగింటికి లేస్తుంది. ఎనిమిది దాటేసరికి చేపలు దిగిపోయి, బేరాలు అయిపోయి, బుట్టలు బస్సెక్కేసి ఉంటాయి. పదకొండు నుంచి నాలుగు దాకా ఆ ఇసుక మీద కాలు పెట్టలేం. ఊరు ఊరంతా నీడకు చేరుతుంది. సరుగుడు తోటల్లో మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు, ఆడవాళ్ళు ఒక కునుకు తీస్తారు. మళ్ళీ ఎండ తగ్గాకనే కదలిక. కార్లు సరిగ్గా పదకొండున్నరకు వచ్చి ఆగుతాయి. నిద్రపోతున్న ఇంటి తలుపు తోసి చూసి, ఈ ఇంట్లో ఎవరూ లేరని వెళ్ళిపోయినట్టు ఉంటుంది వాళ్ళ పని.

తెల్లవారుజామున ఏముంటుందో ఒక్కటి చెబుతాను. గోపాలపూర్‌కూ ఆర్యపల్లికీ మధ్య ఒక చిన్న ఊరు. పేరు రాయను, రాస్తే వచ్చే ఆదివారం అక్కడ కార్లు నిలుస్తాయి. మూడేళ్ళ కిందట వేసవి సెలవులకు ముందు ఆ ఊళ్ళో మా బడి ఆయా పుట్టింట్లో నాలుగు రోజులు ఉన్నాను. మొదటి రోజు చీకటితోనే లేపింది. ఒడ్డుకు వెళ్ళేసరికి అలివి వల అప్పటికే సముద్రంలో పడింది. ఒక తాడు కొస ఒడ్డున ఉంచి, పడవ లోపలికి వెళ్ళి, అర్ధచంద్రంలా వల విడుచుకుంటూ వచ్చి, రెండో కొసను అల్లంత దూరంలో ఒడ్డుకు చేరుస్తుంది. ఇక అక్కడి నుంచి మనుషుల పనే. ఒక్కో తాడుకు పదిహేను, ఇరవైమంది. నడుము వెనక్కి వాల్చి, మడమలు ఇసుకలో దించి, హైలెస్సా అంటూ వెనక్కి ఒక్కో అడుగు. వరస చివరకు చేరిన మనిషి తాడు వదిలి పరుగున వెళ్ళి నీళ్ళ దగ్గర మళ్ళీ పట్టుకుంటాడు. ఇలా రెండు గంటలకు పైగా. రెండు గుంపులూ లాగుతూ లాగుతూ ఒకదానికొకటి దగ్గరవుతాయి. ఇదంతా జరుగుతున్నంతసేపూ నీళ్ళలో ఏముందో ఎవరికీ తెలియదు.

నేనూ పట్టుకున్నాను. నైలాను తాడు, తడిసి ఇసుక పట్టి ఉంది. పావుగంటలో అరచేతులు మండిపోయాయి. నా ముందున్న ముసలామె వెనక్కి చూడకుండానే "చేతులతో లాగకమ్మా, నడుముతో లాగు" అంది. వల సంచి ఒడ్డుకు వచ్చాక విప్పితే నెత్తళ్ళు, కాసిని కవ్వళ్ళు, వాటికి రెట్టింపు జెల్లీ చేపలు, రెండు ప్లాస్టిక్ సీసాలు, ఒక చెప్పు. ఆ రోజుకు అంతే. ఎవరూ నోరెత్తి ఏమీ అనలేదు. వలకు, పడవకు, మనుషులకు వాటాలు వేసుకున్నారు. ఆడవాళ్ళు తట్టలు ఎత్తుకున్నారు. నా వాటా కింద ఒక దోసెడు నెత్తళ్ళు తెచ్చి నా కొంగులో పోసింది ఆ ముసలామె. వద్దన్నాను. "లాగావు కదా" అంది.

ఇరవై నిమిషాల్లో ఇది ఎలా దొరుకుతుంది? అక్కడ పడుకుని, అక్కడ లేచినవాళ్ళకే దొరుకుతుంది. మొదటి రోజు నన్ను "ఎవరింటికి వచ్చావమ్మా?" అని దారంతా అడిగారు. రెండో రోజు అడగలేదు. మూడో రోజు ఒక పిల్ల లెక్కల పుస్తకం పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. ఈ మూడూ మూడు వేర్వేరు ఊళ్ళలో ఒక్కో రోజు ఉంటే జరిగేవి కావు. ప్రతి ఊళ్ళోనూ మొదటి రోజే ఉండేది.

మన తెలుగువాళ్ళకు ఇచ్ఛాపురంతో పటం అయిపోతుంది. 2003లో ఒక పాదయాత్ర అక్కడే ముగిసింది, 2019లో మరొకటీ అక్కడే ముగిసింది. అంత దూరం నడిచి వచ్చినవాళ్ళూ అక్కడే ఆగారు కాబట్టి, ఆ తర్వాత ఇక మనది కాదనుకుంటారు జనం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు గంజాం జిల్లా రెండు ముక్కలైంది, ఇచ్ఛాపురం మద్రాసు వైపు ఉండిపోయింది, మా బరంపురం ఒడిశాకు వచ్చింది. కానీ గీత గీసినంత మాత్రాన మాట మారిపోదు కదా. వి.వి. గిరి 1894లో పుట్టింది ఈ బరంపురంలోనే. ఇక్కడ పట్టు నేసే దేరా వీధుల్లో ఇప్పటికీ మగ్గం ముందు కూర్చుని తెలుగులోనే మాట్లాడుకుంటారు. రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణి జాతరలో ఊరికంతటికీ పెద్దగా నిలబడే దేశి బెహెరా కూడా ఆ నేతవారి పెద్దే. తీరం వెంబడి వెళ్ళండి, నోళియాలని ఒడియావాళ్ళు పిలిచే బెస్తవాళ్ళ ఊళ్ళన్నిటా తెలుగే. ఋషికుల్య పక్కన పొడంపేట అనే తెలుగు ఊరుండేది. సముద్రం ఇళ్ళను ఒక్కటొక్కటిగా తీసుకుపోతే ఊరంతా లోపలికి తరలిపోయింది. మొండిగోడలు చాలాకాలం నిలిచి ఉన్నాయి. మా మేనల్లుడి స్నేహితుడొకడు ఆ గోడల ముందు నిలబడి తీసుకున్న ఫొటో చూపించాడు. ఆ గోడలు ఎవరివని అడగలేదా బాబూ అన్నాను. అడగడానికి అక్కడ ఎవరూ లేరండీ అన్నాడు. నిజమే, ఆ వేళకు ఎవరుంటారు. కొత్త ఊరు అక్కడి నుంచి ఎంతో దూరం లేదు. ఒక పూట ఆగి, అక్కడికి వెళ్ళి, ఎవరి అరుగు మీదనైనా కూర్చుంటే మన భాషలోనే చెప్పేవారు. ఇల్లు ఏ నెలలో పోయిందో, ఏ తుఫానుకు పోయిందో అన్నీ చెప్పేవారు.

గోపాలపూర్‌ది కూడా అంతే. ఒకప్పుడు అది పెద్ద రేవు. ఓడలు ఒడ్డుకు రాలేవు, దూరాన లంగరు వేస్తే కెరటాల మీదుగా పడవల్లో మనుషులను చేరవేసేవారు. కూలి కోసం రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళినవాళ్ళు వేలమంది ఇక్కడే ఓడ ఎక్కారు. మా తాతగారి అన్న కూడా ఎక్కాడు, మళ్ళీ రాలేదు. ఆ ఒడ్డున కూర్చుని సాయంత్రం ఆ పడవలను తలుచుకోవడానికి నాకు ఇరవై నిమిషాలు ఎన్నడూ చాలలేదు.

ఇక తాబేళ్ళ సంగతి. దీని గురించి రాస్తుంటే నాకు నిజంగానే ఒళ్ళు మండుతోంది.

ఏటా ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో ఋషికుల్య ఒడ్డుకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు లక్షల్లో వచ్చి గుడ్లు పెడతాయి. 2023లో ఆరు లక్షలకు పైగా వచ్చాయి. కొన్నేళ్ళు గుంపుగా అసలు రావు. ఏ రాత్రి వస్తాయో చెప్పగలిగినవాడు లేడు. గాలి మారాలి, ఒడ్డు సరిగ్గా ఉండాలి, వాటికి రావాలనిపించాలి. కార్లలో వచ్చేవాళ్ళు పురుణాబంధ ఊళ్ళోవాళ్ళను అడిగే మొదటి ప్రశ్న: "ఈ రాత్రి వస్తాయా?" రావచ్చు, రాకపోవచ్చు అంటే విసుక్కుంటారు. వచ్చిన రాత్రి అయితే ఇంకా ఘోరం. ఫోను వెలుగులు వాటి కళ్ళలోకి కొడతారు. గుడ్లు పెట్టడానికి గుంట తవ్వుకుంటున్న తల్లి పక్కన పిల్లలను నిలబెట్టి ఫొటోలు తీస్తారు. దాదాపు నెలన్నర తర్వాత పిల్లలు ఇసుకలోంచి పైకి వచ్చినప్పుడు, సముద్రం మీది వెలుగును చూసుకుని అటు పాకాలి. వెనక దీపాలుంటే అటు తిరిగి ఊళ్ళోకి వచ్చి చచ్చిపోతాయి. దారి తప్పినవాటిని రాత్రంతా బుట్టల్లో ఏరి నీళ్ళలో వదిలేది ఆ ఊళ్ళ కుర్రవాళ్ళే.

ఇంకొక సంగతి కూడా తెలుసుకోండి. ఈ తాబేళ్ళ కోసమే నవంబరు 1 నుంచి మే 31 దాకా నదీముఖం చుట్టూ ఇరవై కిలోమీటర్ల మేర మరపడవల వేటకు నిషేధం ఉంది. ఆ బెస్తవాళ్ళు ఏడు నెలలు తమ తిండిలోంచి తీసి వాటికి పెడుతున్నారు. మనం ఒక్క గంట ఫోను జేబులో పెట్టుకోలేమా?

నేను ఆ గుంపు రాకను ఒక్కసారే చూశాను, అది కూడా ఛత్రపురంలో గది తీసుకుని అయిదు రాత్రులు వెళ్ళి ఒట్టి చేతులతో వచ్చాక, ఆరో రాత్రి. ముందు కళ్ళకు ఏమీ కనిపించలేదు, చప్పుడు వినిపించింది. తడి ఇసుకను ఎవరో చేటతో చెరుగుతున్నట్టు, ఒడ్డు పొడవునా. తర్వాత కాళ్ళ దగ్గర ఒక ఊపిరి, మనిషి నిట్టూర్చినట్టే. ఆ అయిదు రాత్రులు దండగ అనుకునేవాళ్ళకు నేనేమీ చెప్పలేను. ఆ అయిదు రాత్రుల్లోనే నాకు నక్షత్రాలను చూసి వేళ చెప్పడం ఒక ముసలి బెస్త నేర్పాడు.

కొందరు అడుగుతారు, మాకు అన్ని సెలవులు ఎక్కడివి అని. సరే, రెండు రోజులే ఉన్నాయనుకుందాం. ఆ రెండు రోజులూ ఒక్క ఊరికి ఇవ్వండి. ఆరు చోట్లకు పంచితే ఎవరికీ ఏమీ మిగలదు. నెమ్మదిగా తిరగడం డబ్బున్నవాళ్ళ విలాసం అనే మాటను అసలు ఒప్పుకోను. కారుకు పోసిన పెట్రోలు డబ్బుతో ప్యాసింజరు రైల్లో నలుగురు వచ్చి వెళ్ళవచ్చు. ఇచ్ఛాపురం, సుర్లా రోడ్డు, గోలంత్ర, బరంపురం, ఛత్రపురం, గంజాం, హుమ్మ, రంభ... ప్రతి స్టేషనులోనూ ఒక ఊరు దిగుతుంది, ఒక ఊరు ఎక్కుతుంది. హుమ్మ దాటుతుంటే ఉప్పుమడులు కిటికీ పక్కకే వస్తాయి. రంభలో చిలికా ఒడ్డున ప్రభుత్వ పాంథనివాస్ ఉంది, అక్కడ రెండు రాత్రులు ఉండి చూడండి, ఆ సరస్సు రంగు పూటకొకటి. ఊళ్ళకు కూడా అదే మేలు. ఇరవై నిమిషాల మనిషికి చిప్స్ పొట్లం, గవ్వల దండ తప్ప ఇంకేమీ అమ్మలేరు. రాత్రి ఉన్న మనిషి చేపలు తింటాడు, ఆటో ఎక్కుతాడు, పొద్దున్నే టీ తాగుతాడు, మళ్ళీ ఏడాది అదే ఇంటికి వస్తాడు.

వానాకాలంలో వస్తే మరీ మంచిది. ఛత్రపురం చుట్టూ పొలం గట్ల మీద మొగలి పొదలు పూస్తాయి. ఆ పువ్వు వాసన ఎండ ముదిరితే ఎగిరిపోతుందని తెల్లవారకముందే కోసి, దగ్గర్లోనే రాగి డేగిసాల్లో వేసి అత్తరు తీస్తారు. గంజాం మొగలికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. బట్టీ పనిచేస్తున్న వేళ ఆ దారిలో సైకిలు మీద వెళ్ళేవాడికి ఫర్లాంగు ముందే తెలిసిపోతుంది. కారు అద్దాలు ఎత్తి వెళ్ళేవాడికి ఊరు దాటినా తెలియదు.

నిన్న మా మేనల్లుడికి ఫోను చేసి ఇవన్నీ చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఫిబ్రవరి చివర్లో నాలుగు రోజులు సెలవు పెట్టి ఒక్కడే వస్తానన్నాడు. కారు తేవద్దన్నాను. తాబేళ్ళు కనిపిస్తాయా అత్తా అని అడిగాడు. తెలియదురా అన్నాను. ఇచ్ఛాపురంలో దిగమన్నాను, స్టేషనుకు నేనే వెళతాను, అక్కడి నుంచి బస్సులో వద్దాం. అలివి వల లాగే ఊళ్ళో ఆయా పుట్టింటివాళ్ళకు కబురు చేశాను, చాప వేస్తామన్నారు. ఆ ముసలామె ఉందా అని అడిగితే, ఉంది, ఇంకా తాడు వదలలేదు అన్నారు.