మాటలు ప్రజలతో, బేరాలు పాలకులతో

2025 మే 13న రియాద్‌లో ట్రంప్ చేసిన ప్రసంగం, 2009 జూన్ 4న కైరోలో ఒబామా చేసిన ప్రసంగానికి పూర్తి విరుద్ధమని చాలామంది విశ్లేషించారు. వినడానికి అలాగే ఉంటుంది మరి. ఒబామా కైరో విశ్వవిద్యాలయం హాల్లో సలాం చెప్పి మొదలుపెట్టి ప్రజాస్వామ్యం, ఆడపిల్లల చదువు, పాలస్తీనా గురించి మాట్లాడారు. ట్రంప్ పెట్టుబడుల సదస్సులో నిలబడి, ఎలా బతకాలో మీకు పాఠాలు చెప్పిన పాశ్చాత్యుల వల్ల ఒరిగిందేమీ లేదన్నారు. సిరియాపై ఆంక్షలు ఎత్తేస్తున్నామని ప్రకటించి, సౌదీ యువరాజు కోసం ఏమేం చేస్తున్నానో చూడండి అన్నట్టు చమత్కరించారు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. మర్నాడే సిరియా అధ్యక్షుడు అల్ షరాతో కరచాలనం. ఆయన తలపై అమెరికా పెట్టిన కోటి డాలర్ల బహుమతిని ఎత్తేసి అప్పటికి ఆరు నెలలు కూడా కాలేదు.

కానీ నా దృష్టిలో ఇవి రెండు వేర్వేరు విధానాలు కావు. కైరోలో ప్రసంగం ఒకటి, పని ఒకటి. రియాద్‌కు వచ్చేసరికి ప్రసంగం కూడా పని దారిలోకి వచ్చేసింది, అంతే.

కైరో సంగతే కాస్త దగ్గరగా చూద్దాం. ఆ రోజు హాల్లో ప్రతిపక్ష ఇస్లామిక్ సంస్థ ముస్లిం బ్రదర్‌హుడ్ ఎంపీలు కొందరు ఉన్నారు, ఈజిప్ట్ అధ్యక్షుడు హోస్నీ ముబారక్ లేరు. ఆయన్ను ఒబామా అంతకుముందే ప్యాలెస్‌లో కలిసి వచ్చారు. ప్రజల అంగీకారంతోనే పాలించాలి, బలవంతంతో కాదు అని ఒబామా చెబుతున్నప్పుడు శ్రోతల్లోంచి ఒకరు "బరాక్ ఒబామా, వియ్ లవ్ యూ" అని అరిచారు. అప్పటికి ఈజిప్ట్‌లో ఇరవై ఏడేళ్లుగా అత్యవసర చట్టం నడుస్తోంది. ఆ దేశ సైన్యానికి అమెరికా ఏటా 130 కోట్ల డాలర్లు ఇస్తోంది. ఆ డబ్బులో చాలా భాగం మళ్లీ అమెరికన్ ఆయుధాలు కొనడానికే పోతుంది. ప్రసంగం తర్వాత ఆ సాయానికి కొత్త షరతులేమీ పడలేదు.

రెండేళ్లు తిరక్కుండానే, 2011 జనవరిలో, కైరో వీధుల్లోకి జనం వచ్చారు. పోలీసులు టియర్ గ్యాస్ ప్రయోగించారు. కుర్రాళ్లు కింద పడిన ఖాళీ డబ్బాలు ఏరి విలేకరులకు చూపించారు. వాటి మీద "మేడ్ ఇన్ యూఎస్ఏ" అని అచ్చు వేసి ఉంది. చెప్పేవి శ్రీరంగ నీతులు అని మనవాళ్లు ఊరికే అనలేదు. ముబారక్ పతనం తర్వాత ఎన్నికైన అధ్యక్షుడు మొర్సీని 2013 జులైలో సైన్యం దించేసినప్పుడు వాషింగ్టన్ ఇంకో విద్య చూపించింది. సైనిక కుట్ర జరిగిన దేశానికి సాయం ఆపాలని అమెరికా చట్టమే చెబుతోంది. దాంతో జరిగింది కుట్రో కాదో తేల్చబోమని ప్రభుత్వం ప్రకటించింది. కొన్ని ఆయుధాలను కొంతకాలం ఆపి, 2015 మార్చిలో వాటినీ వదిలేసింది. అమెరికా పరిశోధన సంస్థ ప్యూ సర్వే ప్రకారం అమెరికాపై సదభిప్రాయం ఉన్న ఈజిప్షియన్లు 2009లో 27 శాతం, 2014కి 10 శాతం. బుష్ చివరి ఏడాది కంటే కూడా తక్కువ.

అలాగని ప్రసంగం దండగ అనను. 1953లో ఇరాన్‌లో ఎన్నికైన ప్రభుత్వాన్ని కూల్చడంలో తమ పాత్ర ఉందని ఒబామా ఆ వేదికపై ఒప్పుకున్నారు. ఆక్రమిత పాలస్తీనా భూముల్లో ఇజ్రాయెల్ కట్టే కాలనీల (సెటిల్‌మెంట్ల) కొనసాగింపు చెల్లదన్నారు. 2011 ఫిబ్రవరిలో అదే విషయంపై భద్రతా మండలి తీర్మానాన్ని 14 దేశాలు సమర్థిస్తే అమెరికా ఒక్కటే వీటో చేసింది. అప్పుడు ఆయన మాటనే ఎత్తి చూపి అడగగలిగారు జనం. మాట ఇచ్చినవాడిని నిలదీయొచ్చు. రియాద్‌లో ప్రజలకు ఇచ్చిన మాటే లేదు, ఇక నిలదీసేదేముంది?

నిజంగా పనిచేసిన దౌత్యం ఈ రెండు వేదికలకూ దూరంగా జరిగింది. 2004 సునామీ తర్వాత ఇండోనేసియాలోని ఆచేలో అమెరికన్ నేవీ హెలికాప్టర్లు మంచినీళ్లు, బియ్యం దించాయి. ఇండోనేసియాలో అమెరికాపై సదభిప్రాయం 2003లో 15 శాతం, 2005లో 38. 2005 అక్టోబర్ భూకంపంలో పాకిస్తాన్ ఆక్రమిత కశ్మీర్ కొండల్లోకి చినూక్ హెలికాప్టర్లు గాయపడినవాళ్ల కోసం వెళ్లాయి. మరి అదే పాకిస్తాన్‌లో ఆరేళ్లకు జరిగిందేమిటి? బిన్ లాడెన్ ఆచూకీ కోసం సీఐఏ అబోటాబాద్‌లో ఒక డాక్టర్ చేత హెపటైటిస్-బి టీకాల కార్యక్రమం పెట్టించింది. అతను దాక్కున్నాడని అనుమానించిన ఇంటి పిల్లల డీఎన్ఏ సంపాదించాలన్నది లెక్క. 2011 జులైలో ఆ గుట్టు బయటపడింది. టీకాలపై అక్కడ ముందే ఉన్న అనుమానాలకు ఇది ఆజ్యం పోసింది. 2012 డిసెంబర్‌లో ఇంటింటికీ తిరిగి పోలియో చుక్కలు వేసే మహిళలను కాల్చి చంపారు. 2014లో పాకిస్తాన్‌లో 306 పోలియో కేసులు వచ్చాయి. ఇకపై టీకా కార్యక్రమాలను గూఢచర్యానికి వాడబోమని వైట్‌హౌస్ ఆ ఏడాది మేలో హామీ ఇచ్చింది. హెలికాప్టర్ పైలట్లు సంపాదించిన పేరును ఒక్క ఆపరేషన్ తినేసింది. బిన్ లాడెన్ చావు ముందు ఇదంతా చిన్న ఖర్చే అనే వాదన అమెరికాలో ఉంది. ఆ ఖర్చు భరించింది మాత్రం అమెరికన్లు కాదు.

ఇలాంటి చప్పుడు లేని పనులు మన హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. 2008లో అమెరికా కాన్సులేట్ తెరిచింది బేగంపేట పైగా ప్యాలెస్‌లోనే. నిజాం కొలువులోని ప్రభువంశమైన ఆ పైగాల సమాధుల మరమ్మతుకు 2.5 లక్షల డాలర్లు ఇస్తామని 2023లో ప్రకటించారు. ఒక క్రూయిజ్ క్షిపణి ఖరీదు కూడా కాదది. అయినా సంతోష్‌నగర్ వెళ్లి ఆ గచ్చు నగిషీలు చూసేవాళ్లకు ఆ సాయం గుర్తుంటుంది, ఏ ప్రసంగమూ అంత గుర్తుండదు.

నిధుల కోతకొచ్చేసరికి ముందు పోయేవి ఇలాంటి పనులే. 2025 జనవరిలో వాషింగ్టన్ విదేశీ సాయాన్ని స్తంభింపజేసినప్పుడు అత్యవసర ఆహారానికి మినహాయింపు ఇచ్చింది. దానితోపాటు ఇజ్రాయెల్, ఈజిప్ట్‌లకు ఇచ్చే సైనిక సాయానికీ ఇచ్చింది. జులై 1 నాటికి విదేశీ సాయం పంచే యూఎస్ఎయిడ్ అనే సంస్థే విదేశాంగ శాఖలో కలిసిపోయింది. ఈజిప్ట్ సైన్యం డబ్బుకు ఢోకా రాలేదు. యూఎస్ఎయిడ్ స్కాలర్‌షిప్‌లపై చదువుతున్న ఈజిప్ట్ విద్యార్థులకు మాత్రం చదువు మధ్యలో నిధులు ఆగిపోయాయి. వాళ్ల ఫీజుల సంగతి అక్కడి విశ్వవిద్యాలయాలూ, ఈజిప్ట్ ప్రభుత్వమూ చూసుకోవాల్సి వచ్చింది.