పసుపు చొక్కా కోసం వెతికాం, పిల్లోడు ఆకుపచ్చ చొక్కాలో ఉన్నాడు

ఉగాది నాడు దేవుని కడప గుడి దగ్గర రద్దీ ఎట్లుంటుందో కడపోళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ, కాబట్టి వెంకటేశ్వరస్వామి తమ అల్లుడు అన్న నమ్మకంతో ముస్లిం కుటుంబాలు పొద్దున్నే వచ్చి కొబ్బరికాయ కొట్టి పోతుంటాయి. వాళ్ల వెనకే మాలాంటోళ్లం. మూడేళ్ల కిందట ఆ గుంపులోనే మా నాలుగేళ్ల పిల్లోడు ఏడు నిమిషాలు కనబడకుండా పోయాడు.

ఏడు నిమిషాలని లెక్క ఎట్లా చెప్తున్నానంటే, అది ఫోన్‌లో ఉంది. 8.41కి మా ఆవిడ చేసింది: 'పిల్లోడు నీ దగ్గరే ఉండాడు గదా?' 8.48కి మా బావమరిది చేశాడు: 'దొరికినాడు బావా, రథం కాడ ఉండాడు.' ఈ రెండు కాల్స్ మధ్య జరిగింది నాకు ముక్కలుముక్కలుగానే గుర్తుంది. ఆ ముక్కలన్నీ ఏరుకుని చూస్తే, మేం తప్పు చేసింది పిల్లోడు తప్పిపోయినప్పుడు కాదు, తప్పిపోయాక.

ఆరోజు మేం ఆరుమంది పెద్దోళ్లం, పిల్లోడు ఒక్కడు. నేను చెప్పుల దగ్గర, ఆవిడ దర్శనం లైన్లో, మా అమ్మ, అంటే వాడి జేజి, కొబ్బరికాయల అంగడి దగ్గర. వాడు వాళ్లమ్మ దగ్గరున్నాడని నేను, జేజి చెయ్యి పట్టుకున్నాడని ఆమె, మామ ఎత్తుకున్నాడని జేజి. అందరికందరూ ఇంకొకరి దగ్గరున్నాడనుకున్నోళ్లే. ఉమ్మడి కుటుంబంలో పిల్లలు ఎట్లనో పెరిగిపోతారని గొప్పగా చెప్పుకుంటాం. ఇంట్లో అది నిజమేనేమో. తిరునాళ్లలో మాత్రం పదిమంది చూసే పిల్లోణ్ని ఎవరూ చూడరు. నిజానికి ఒంటరిగా బిడ్డను తీసుకొచ్చిన తల్లే పిల్లోడి చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది.

ఆవిడ ఫోన్ చేశాక నేను మొట్టమొదట చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అరవలేదు. పోయిన చెప్పులు వెతుక్కునేవాడిలాగా తలొంచుకుని అటూ ఇటూ చూశాను. చుట్టూ తెలిసినోళ్లు, మా వీధోళ్లు, మా ఆఫీసోళ్లు. 'పిల్లోణ్ని పోగొట్టుకున్నారంట' అని మాట పడుతుందని భయం. ఏడు నిమిషాల్లో రెండు అట్లా పరువు కిందే పోయాయి. రెండు నిమిషాలంటే నాలుగేళ్ల పిల్లోడు ఎంత దూరం నడుస్తాడో ఇంటికెళ్లాక మీ పిల్లల్ని నడిపించి చూడండి.

ఆ తర్వాత నోరు తెరిచింది కూడా పిల్లోణ్ని పిలవడానికి కాదు. ఆవిడ ఎదురురాగానే 'ఏం చేస్తాండావ్ నువ్వు?' అన్నాను. నాతో పాటే వచ్చిన పిల్లోడికి ఆమె లెక్క చెప్పాల! పక్కనున్న పెద్దమనిషి ఒకాయన దానికి వంత: 'తల్లికి జ్ఞానముండాలప్పా.' తండ్రికి ఉండాలని ఆయన అనలేదు, ఎవరూ అనరు. ఈ నింద ఊరికే మనసు నొప్పించి పోయేది కాదు. మాట పడతామని తెలిసిన తల్లి నలుగురిని పిలవకుండా తనే గుట్టుగా వెతుక్కుంటుంది. అట్లా గుట్టుగా వెతికినంతసేపూ పిల్లోడు దూరమవుతూనే ఉంటాడు.

ఇక చొక్కా సంగతి. 'ఏం రంగు చొక్కా?' అని అడిగినోళ్లందరికీ పసుపు అని చెప్పాను. పొద్దున పసుపు చొక్కానే వేశాం. దాని మీద వాడు ఉగాది పచ్చడి ఒలకబోసుకుంటే, బయల్దేరేటప్పుడు వాళ్లమ్మ ఆకుపచ్చది వేసింది. ఆ పచ్చ చొక్కా బొత్తాలు పెట్టింది నేనే. అయినా నా నోటికి పసుపే వచ్చింది. మా బావమరిది పసుపు చొక్కా కోసం కళ్లు చించుకుని వెతుకుతూ రథం ముందు నుంచి రెండుసార్లు పోయాడు. భయంలో మనిషి పిల్లోణ్ని వెతకడు, తన తలలో ఉన్న బొమ్మను వెతుకుతాడు. బయటికి పోయేముందు ఒక ఫొటో తీసుకోమని చెప్పేది అందుకే. వాట్సాప్ స్టేటస్ కోసం మనం ఎట్లాగూ తీస్తాం, పిల్లోణ్ని తలుపు దగ్గర నిలబెట్టి కాళ్ల దాకా కనబడేట్టు తీస్తే సరి.

మైకులో చెప్పించామా? చెప్పించాం. వాడి రికార్డు పేరు చెప్పించాం. ఇంట్లో వాణ్ని ఆ పేరుతో పిలిచినోళ్లు లేరు. తర్వాత అడిగితే 'నన్ను కాదనుకున్యా' అన్నాడు. వాళ్ల నాయిన పేరేందని రథం కాడ ఎవరో అడిగితే 'నాయినే' అన్నాడంట!

వెతికేటప్పుడు నా కళ్లు రెండుసార్లు కోనేటి వైపు పోయి, చూడలేక తిరిగొచ్చాయి. అది కూడా తప్పే. ముందు చూడాల్సింది నీళ్లనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో నీళ్లలో మునిగి చనిపోయే రేటు అన్నిటికంటే ఎక్కువున్నది 1 నుంచి 4 ఏళ్ల పిల్లల్లో. నీళ్లలో పడిన చిన్నపిల్లలు సినిమాల్లో లాగా చేతులు కొట్టి అరవరు, చప్పుడు లేకుండా పోతారు. అంగట్లో దాక్కున్న పిల్లోడు పది నిమిషాల తర్వాతైనా అంగట్లోనే ఉంటాడు. నీళ్లు అట్లా ఆగవు.

మన సీమలో నీళ్లంటే చెరువు, కోనేరు, కేసీ కాలువ మాత్రమే కాదు. కొళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఊళ్లు మనవి. అందుకే ఇంటింటికీ సంపు. నీళ్లొచ్చిన రాత్రి మూత పక్కకు లాగి పైపు వేస్తాం, మోటారు ఆపే హడావిడిలో మూత మరిచిపోతాం. ఇంట్లో బిడ్డ కనబడకపోతే మంచం కింద, బీరువా వెనక తర్వాత, ముందు సంపులోకి టార్చి వేయాలి. ఇక చేలల్లో వట్టిపోయిన బోర్లు. 2006లో హర్యానాలో ప్రిన్స్ అనే పిల్లోడు 60 అడుగుల గుంతలో పడి బతికి బయటపడ్డప్పుడు దేశమంతా టీవీల ముందు కూర్చుంది. 2010లో సుప్రీంకోర్టు బోరు చుట్టూ కంచె వేయాలని, కేసింగుకు ఇనుప మూత బిగించాలని, వదిలేసిన బోరును మట్టితో, రాళ్లతో పూడ్చాలని చెప్పింది. అనంతపురం పల్లెల్లో ఒకసారి తిరిగి రండి, ఆ ఇనుప మూత బదులు గోనెసంచి, దాని మీద ఒక బండరాయి ఇంకా ఎన్నిచోట్ల కనబడతాయో.

పోలీసుల దగ్గరికి పోవాలంటే 'సాయంత్రం దాకా చూడండి' అంటారని జనానికి ఒక నమ్మకం. అట్లా అనే హక్కు వాళ్లకు లేదు. పిల్లలు కనబడటం లేదని ఫిర్యాదు వస్తే, అపహరణో అక్రమ రవాణానో జరిగిందని అనుకుని వెంటనే ఎఫ్‌ఐఆర్ కట్టాలని 2013 మేలోనే సుప్రీంకోర్టు చెప్పింది. పోలీసుల 112కు గానీ పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ ఫోన్ చేయడానికి ఇన్ని గంటలు ఆగాలన్న నియమం లేదు. అయిదు నిమిషాల్లో దొరికితే ఇంకోసారి ఫోన్ చేసి దొరికాడని చెప్తాం, అంతే కదా. తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఈమధ్య పిల్లల చేతికి ఫోన్ నంబరు ట్యాగులు కడుతున్నారు. ఒంటిమిట్ట కల్యాణానికి, పెద్ద దర్గా ఉరుసుకు, గూగూడు పీర్ల పండక్కీ అది పెద్ద ఖర్చేం కాదు. కట్టకపోయినా బాల్‌పెన్ను ఉంది, పిల్లోడి మణికట్టు ఉంది.

మా వాడి సంగతికొస్తే, రథం చక్రం దగ్గర కూర్చుని పెచ్చులూడిన రంగును గోటితో గీకుతున్నాడు. వాడి పక్కన పూలమ్మే ఆమె. వాడు ఏడవలేదు, నన్ను చూసి కోప్పడ్డాడు: 'యాడికి పోయింటివి నాయినా?' వాడి దృష్టిలో తప్పిపోయింది నేనే.

పూలమ్మే ఆమె చెప్పిన మాట మాత్రం ఇప్పటికీ నాకు మింగుడుపడదు. 'శానాసేపటి నుంచి ఒక్కడే ఉండాడు సామీ. ఎత్తుకుని గుడికాడికి తెద్దామనుకున్యా. పిల్లోళ్లను ఎత్తకపోయేదని కొడతారేమోనని కన్నేసి పెట్టుకుని కూర్చున్యా.' ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలని వాట్సాప్‌లో పుకార్లు తిరిగినప్పుడు, తెలుగు రాష్ట్రాల్లోనూ ఏ పాపం తెలియనోళ్లను కొట్టి చంపారు. దొరికిన పిల్లోడి గురించి 24 గంటల్లో పోలీసులకో బాలల సంక్షేమ కమిటీకో చెప్పకపోతే శిక్ష అంటుంది 2015 బాలల న్యాయ చట్టం. పిల్లోడి చెయ్యి పట్టుకుంటే గుంపు శిక్ష వేస్తుందని భయపడుతుంది పూలమ్మే ఆమె. తెలియని పిల్లోడి దగ్గర ఆమె అంతసేపు బేరం మానుకుని కూర్చుందని మా ఇంట్లో ఎవరికీ ముందు తట్టలేదు. మా అమ్మయితే ఆమెను ఎగాదిగా చూసింది కూడా.

ఇప్పుడు మా ఇంట్లో ఒక పద్ధతి. పిల్లోణ్ని ఒకరి చేతిలోంచి ఇంకొకరు తీసుకునేటప్పుడు 'నా దగ్గరున్నాడు' అని పైకి అనాలి. మొదట్లో మా బావమరిది నవ్వేవాడు, ఇప్పుడు వాళ్లింట్లోనూ అంటున్నారు. వాడికి ఏడేళ్లొచ్చాయి, చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంటాడు. ఆరోజు నేనన్న మాటను మాత్రం ఆవిడ మర్చిపోలేదు. మొన్న ఉగాదికి దేవుని కడపలో చెప్పులు విప్పేటప్పుడు 'నీ దగ్గరే గదా?' అని అడిగింది. నేను తలూపాను. నోటితో చెప్పేదాకా లోపలికి కదల్లేదు.