లాగుడా, పరుగా?

(టెక్సాస్‌లో ఒక ఇంటి షెడ్డు. 1985 నాటి ఫోర్డ్ పికప్ నుంచి దించిన 300 ఘనపుటంగుళాల ఇంజిన్ ఆరు పిస్టన్లూ బల్ల మీద పరిచి ఉన్నాయి. గడ్డి మోపుల ట్రైలర్ లాగడానికి దీన్ని మళ్లీ బిగించాలి. వాల్వులను తెరిచి మూసే కడ్డీ, అంటే క్యాంషాఫ్టు దగ్గర మాట పెరిగింది.)

బావమరిది: ఎటూ విప్పాం కదా బావా, వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యాము వేద్దాం. ఇంజిన్ గాలి బాగా పీల్చుకుంటుంది.

బావ: ఎప్పుడు? బాగా పరుగెత్తించినప్పుడు. మన ట్రైలర్ కదలాల్సింది 1200 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 1200 చుట్ల దగ్గర. అంత నిదానంలో గాలి పీల్చే ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటే, పైకొచ్చే పిస్టన్ పీల్చుకున్న గాలిని వచ్చిన దారినే తోసేస్తుంది. సిలిండర్‌ది అరకడుపు కాపురమే.

బావమరిది: పిస్టన్ ఎక్కువ దూరం కదిలే పొడుగు స్ట్రోకు ఇంజిన్, ఆ మాత్రం తట్టుకోదా?

బావ: పొడుగని ఎవరన్నారు? బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 4 అంగుళాలు, స్ట్రోకు 3.98. అందరూ పొరబడేది ఇక్కడే. ఇంజెక్షన్ వచ్చాక కూడా దీని బలం 150 హార్స్ పవరే. తిప్పే శక్తి, అదే టార్కు, మాత్రం 260 పౌండ్ అడుగులు, అదీ 2000 ఆర్‌పీఎంకే. తొందరగా మూసుకునే వాల్వుల చలవ అది. దాన్ని చెడగొట్టడానికి డబ్బు పెట్టమంటావు!

బావమరిది: సరే, చక్రం దగ్గరికి రండి. వెనక యాక్సిల్‌లో 3.08 గేరుంది, అంటే చక్రం ఒక చుట్టుకు షాఫ్టు 3.08 చుట్లు తిరుగుతుంది. 4.10 వేస్తే చక్రానికి అందే టార్కు మూడో వంతు పెరుగుతుంది. ఇంజిన్‌తో మీరెంత కుస్తీ పట్టినా అంత రాదు.

బావ: (కాసేపు ఆగి) రాదు, నిజమే. కాని హైవే మీద ఇంజిన్ కూడా మూడో వంతు ఎక్కువ తిరగాలి. పెట్రోలు ఎవరు పోస్తారు? అంతకంటే దీని తమ్ముడు 240 ఇంజిన్ పైమూత, అదే హెడ్డు, దీనికి సరిపోతుంది. దాని దహన గది చిన్నది కాబట్టి గాలిని నొక్కే కంప్రెషన్ పెరుగుతుంది.

బావమరిది: పెరిగాక, ఇక్కడి ఎండల్లో 87 ఆక్టేన్ పెట్రోలుతో అది తనంతట తానే అంటుకుని టకటకమనే నాకింగ్ మొదలైతే? అప్పుడు ఆ నొక్కుడు తగ్గించడానికి వాల్వును కాస్త ఆలస్యంగా మూసే క్యామే దిక్కు. తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తారు.

బావ: కాస్త ఆలస్యం వేరు, నువ్వు కేటలాగులో చూపించిన క్యాము వేరు.

బావమరిది: ఆ కాస్త ఎంతో చెప్పండి, ఇప్పుడే ఆర్డరు పెడతాను.

బావ: హెడ్డు రానీ. గదిలో ఎన్ని సీసీలు పడతాయో కొలవకుండా క్యాము ఏమిటి? ఈలోగా క్యామును తిప్పే ఆ ఫైబర్ టైమింగ్ గేరు తీసేసి ఉక్కుది తెప్పించు. పళ్లు ఊడితే నీ క్యామూ తిరగదు, నాదీ తిరగదు.

బావమరిది: ఉక్కు గేర్లు ఈల వేస్తాయి బావా.

బావ: వేయనీ.