సుత్తి కొట్టినందుకు పది శాతం

పాత కార్ల వేలం సంస్థల గురించి లోకంలో ఒక అపోహ ఉంది. వాళ్ళు కార్లు అమ్ముకుని బతుకుతారని. కారు అమ్మేది ఒకరు, కొనేది ఇంకొకరు. వీళ్ళు మధ్యలో వేదికెక్కి ఒక సుత్తి కొడతారు, అంతే. ఆ ఒక్క దెబ్బకు అమ్మినవాడూ ఇచ్చుకోవాలి, కొన్నవాడూ ఇచ్చుకోవాలి. గిట్టనివాళ్ళు దీన్ని రెండు చేతులా సంపాదన అంటున్నారు. ఆ మాట విని నా మనసు చివుక్కుమంది. చెయ్యెత్తితే తప్ప ఎవరినీ పట్టించుకోని సంస్థల తరఫున మాట్లాడేవాళ్ళు ఎవరున్నారు? అందుకే, వాళ్ళు అడక్కపోయినా, నేను వకాల్తా పుచ్చుకుంటున్నాను.

ముందు ఒక కేసు. 2018 ఆగస్టు, కాలిఫోర్నియాలోని మాంటెరే. ఆర్‌ఎం సోథబీస్ అనే కార్ల వేలం సంస్థ వేదిక మీదికి 1962 నాటి ఫెరారీ 250 జీటీఓ వచ్చింది. ఈ రకం కార్లు మొత్తం తయారైనవే 36. పాట 4 కోట్ల 40 లక్షల డాలర్ల దగ్గర ఆగింది, సుత్తి పడింది, జనం చప్పట్లు కొట్టారు. పేపర్లకెక్కిన ధర మాత్రం 4 కోట్ల 84 లక్షల 5 వేల డాలర్లు. చప్పట్లకూ పేపరుకూ మధ్య 44 లక్షల 5 వేల డాలర్లు పెరిగింది. దాని పేరు బయ్యర్స్ ప్రీమియం, అంటే కొన్నందుకు కొన్నవాడు కట్టే రుసుము. డాలరు 70 రూపాయలున్న ఆ రోజుల లెక్కలో దాదాపు 31 కోట్లు.

44 లక్షలంటే పది శాతం, సరే. పైన ఆ 5 వేలు ఏమిటని మీకు అనుమానం రావాలి. సుత్తి ధరలో మొదటి రెండున్నర లక్షల డాలర్ల మీద 12 శాతం, ఆపైన 10 శాతం అన్నది ఏర్పాటు. ఆ మొదటి మెట్టు మీద అదనంగా పడే రెండు శాతమే ఈ 5 వేలు. 44 లక్షల డాలర్లు వచ్చి ఒళ్ళో పడుతున్నప్పుడు ఇంకో 5 వేలు మర్చిపోకుండా లెక్కగట్టి వసూలు చేయడమంటే ఎంత శ్రద్ధ కావాలి! 2023 నవంబరులో న్యూయార్క్‌లో ఇంకో జీటీఓ పాటకొచ్చింది. 4 కోట్ల 70 లక్షల డాలర్లకు సుత్తి పడింది, ధర 5 కోట్ల 17 లక్షల 5 వేలుగా నమోదైంది. 2025 ఫిబ్రవరిలో జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో 1954 నాటి మెర్సిడెస్ డబ్ల్యు196ఆర్ రేసు కారు 4 కోట్ల 65 లక్షల యూరోల దగ్గర ఆగింది. చివరి ధర 5 కోట్ల 11 లక్షల 55 వేలు. పది శాతం తీసేసి చూడండి, 5 వేలు భద్రంగా కనిపిస్తాయి. దేశం మారింది, కరెన్సీ మారింది, ఆ 5 వేలు మాత్రం చెక్కు చెదరలేదు.

ఈ మెట్ల పద్ధతిలో సామాజిక న్యాయం కూడా ఉంది, సరిగ్గా చూస్తేనే కనిపిస్తుంది. ముప్పై ఏళ్ళు జనం పళ్ళు పీకి రెండు లక్షల డాలర్లు కూడబెట్టుకున్న డాక్టరు ఒక కారు కొన్నాడనుకుందాం. మొత్తం మొదటి మెట్టు మీదే కాబట్టి 12 శాతం, 24 వేలు కడతాడు. జీటీఓ కొన్న మహానుభావుడికి సగటున పడింది 10.01 శాతం. ఉన్నవాడికి తక్కువ, లేనివాడికి ఎక్కువ. ఆదాయపు పన్ను వాళ్ళు ఇన్నేళ్ళుగా ఈ లెక్కను తలకిందులుగా చేస్తున్నారు, అందుకే వాళ్ళకి చప్పట్లు కొట్టేవాళ్ళు లేరు. పన్నంటే గుర్తొచ్చింది. కాలిఫోర్నియాలో అమ్మకం పన్ను సుత్తి ధర మీద ఆగదు, ప్రీమియం కూడా కలుపుకుని లెక్క వేస్తారు. బ్రిటన్‌లోనైతే ప్రీమియం మీద 20 శాతం వ్యాట్. చెయ్యెత్తినందుకు రుసుము, ఆ రుసుము మీద పన్ను. అసలు చెయ్యెత్తాలంటే ముందు పాటదారుగా పేరు నమోదు చేసుకోవాలి, బ్యాంకు ఉత్తరం తేవాలి. మాంటెరే లాంటి చోట ఆ నమోదుకూ రుసుముంది.

ఇంతటి ఆలోచన ఎవరికొచ్చిందో తెలుసుకోవడం మన ధర్మం. కార్లవాళ్ళకు కాదు, బొమ్మలూ కుండలూ అమ్మేవాళ్ళకు వచ్చింది. 1975లో లండన్‌లో క్రిస్టీస్, సోథబీస్ సంస్థలు రెండూ కొద్ది రోజుల తేడాతో కొనేవాళ్ళ మీద 10 శాతం ప్రీమియం వేశాయి. అప్పటిదాకా అమ్మేవాడే కమిషన్ ఇచ్చుకునేవాడు. వ్యాపారులు గోల పెట్టారు, రెండూ కుమ్మక్కయ్యాయన్నారు. గొప్పవాళ్ళకు ఒకేసారి ఒకే ఆలోచన రావడం మామూలే కదా అని నేను సర్దిచెప్పుకున్నాను. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ రెండు సంస్థలకే అమ్మేవాళ్ళ కమిషన్ విషయంలోనూ ఒకేసారి ఒకే ఆలోచన వచ్చింది. ఈసారి అమెరికా ప్రభుత్వం అంత తేలిగ్గా సర్దిచెప్పుకోలేకపోయింది. చాటుగా మాట్లాడుకుని కమిషన్లు ఖాయం చేశారని తేలింది. క్రిస్టీస్ కాగితాలు అప్పజెప్పి శిక్ష తప్పించుకుంది. రెండూ కలిసి కస్టమర్లకు 51 కోట్ల 20 లక్షల డాలర్లు ఇచ్చేందుకు ఒప్పుకున్నాయి. సోథబీస్ మాజీ చైర్మన్ ఆల్‌ఫ్రెడ్ టాబ్‌మన్‌కు 2002లో ఏడాదీ ఒకరోజు జైలు పడింది. ఇదంతా బొమ్మల గొడవ, కార్లకు సంబంధం లేదు. కార్ల వేలం సంస్థ ఆర్‌ఎంలో సోథబీస్ పావు వాటా కొన్నది 2015లో. నేను చెప్పేదల్లా, పుట్టినింటి సంస్కారం ఎక్కడికీ పోదని.

మన దగ్గర వేలంపాటలు లేవా అంటే ఉన్నాయి, కానీ వాటిలో ఈ నాగరికత లేదు. బాలాపూర్ గణేశుడి లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయింది, 2025లో 35 లక్షలకు పోయింది. పెరుగుదల చూస్తే ఏ ఫెరారీకీ తీసిపోదు. అయినా పాడుకున్నవాడు పాడినంతే కడతాడు. మొదటి లక్ష మీద 12 శాతం, ఆపైన 10 శాతం, నెయ్యికి వేరే అని ఇంతవరకు ఏ ఉత్సవ సమితీ అడిగిన పాపాన పోలేదు. ముప్పై ఏళ్ళుగా ఎంత ఆదాయం వదులుకున్నారో తలచుకుంటే గుండె తరుక్కుపోతుంది.

ఇక అమ్మేవాడి సంగతి. చిన్నవాడైతే కమిషన్ ఇవ్వాలి, కేటలాగులో ఫొటోకు ఇవ్వాలి, కారును లారీ మీద తెచ్చినందుకూ, ఇన్సూరెన్సుకూ ఇవ్వాలి. పెద్దవాడైతే కమిషన్ పూర్తిగా మాఫీ. మరీ పెద్దవాడైతే కొన్నవాడు కట్టిన ప్రీమియంలోంచే కొంత తీసి అమ్మినవాడి జేబులో పెట్టడం కూడా ఈ వ్యాపారంలో ఉన్నదే. అంటే అక్కడ కొన్నవాడు అమ్మినవాడికి ఒకసారి కారు ధరగా ఇస్తాడు, ఇంకోసారి ప్రీమియం పేరుతో ఇస్తాడు. కారు అమ్ముడుపోకపోతే మాత్రం చిన్నా పెద్దా తేడా లేదు. 'నో సేల్' అని రికార్డులో పడుతుంది, ఏడాది తర్వాత మళ్ళీ తెచ్చినా కొనేవాళ్ళు ఫోనులో ఆ రికార్డు చూసుకుంటూ కూర్చుంటారు. పెళ్ళిచూపుల్లో వద్దన్న సంబంధానికి ఇంటర్నెట్‌లో శాశ్వతంగా పేజీ పెట్టినట్టు.

ఈ అవమానం తప్పించడానికే అమ్మేవాడు రిజర్వ్ అనే రహస్య ధర పెట్టుకుంటాడు. అంతకన్నా తక్కువకు కారు ఇవ్వరు. అక్కడిదాకా పాట నడిపించడానికి అమ్మేవాడి తరఫున సంస్థే పాడవచ్చని షరతుల్లో చిన్న అక్షరాలతో ఉంటుంది. హాల్లో ఎవరూ చెయ్యెత్తకపోతే పాట నడిపే ఆయన వెనక గోడ వైపో, పైన వేలాడే దీపాల గుత్తి వైపో చూసి 'అదిగో ఇంకో లక్ష' అంటాడు. ఇంగ్లీషువాళ్ళు దీన్ని షాండ్లియర్ బిడ్ అంటారు. నాకు ఇందులో తప్పేమీ కనిపించదు. చెయ్యెత్తినవాళ్ళలో ప్రీమియం అడగనిది ఆ దీపాన్నొక్కదాన్నే.

పాట నడపడం ఎంత టెన్షనో తెలియాలంటే 2019 ఆగస్టులో, మళ్ళీ మాంటెరేలోనే, ఆర్‌ఎం సోథబీస్ సభలో జరిగింది చూడాలి. 1939 నాటి పోర్షే టైప్ 64, ఆ కంపెనీ పేరు పెట్టుకుని కార్లు రాకముందే ఫెర్డినాండ్ పోర్షే చేయించిన కారు. పాట నడిపే ఆయన డచ్ యాసలో థర్టీన్ మిలియన్, అంటే కోటీ 30 లక్షల డాలర్ల దగ్గర మొదలెట్టాడు. వెనక తెర మీద అంకెలు మార్చేవాళ్ళకు 'థర్టీన్' కాస్తా 'థర్టీ' అని వినిపించింది. తెర మీద 3 కోట్లు పడింది. ఆపైన ఆయన అన్న ప్రతి అంకెకూ తెర మీద కోటి చొప్పున లేచింది. 4 కోట్లు, 5 కోట్లు, 6 కోట్లు. జనం లేచి నిలబడ్డారు, ఫోన్లు తీశారు. 7 కోట్ల దగ్గర ఆయన వెనక్కి తిరిగి చూసి, అబ్బే, నేనన్నది కోటీ 70 లక్షలు అన్నాడు. తెర కిందికి దిగింది, హాల్లో నవ్వులు, తర్వాత అరుపులు, కొందరు వెళ్ళిపోయారు. కారు అమ్ముడుపోలేదు.

అందరూ ఆ కారు గురించి జాలిపడ్డారు. నేను లెక్క వేశాను. పైన చెప్పిన రేట్లే అయితే 7 కోట్ల మీద ప్రీమియం 70 లక్షల 5 వేలు, కోటీ 70 లక్షల మీద 17 లక్షల 5 వేలు. సరిగా వినపడని ఒక్క అక్షరం ఖరీదు 53 లక్షల డాలర్లు. ఆ 5 వేలు మాత్రం రెండు లెక్కల్లోనూ ఉన్నాయి.

2022 మేలో మెర్సిడెస్ ఉలెన్‌హౌట్ కూపే 13 కోట్ల 50 లక్షల యూరోలకు పోయి ప్రపంచ రికార్డు కొట్టింది. లోకంలో రెండే ఉన్న కార్లలో ఒకటి. పిలిచిన కొద్దిమందినే రానిచ్చారు, వచ్చిన డబ్బు పిల్లల స్కాలర్‌షిప్పులకని ప్రకటించారు. ఇలాంటివి వ్యంగ్యానికి అడ్డం, కాబట్టి దాని జోలికి పోను.

నన్ను కలవరపెడుతున్నది ఇంకోటి, ఆన్‌లైన్ వేలాలు. బ్రింగ్ ఎ ట్రెయిలర్ అనే సైటులో అమ్మేవాడు మామూలు ప్రకటనకు 99 డాలర్లు కడితే సరిపోతుంది. కొన్నవాడు 5 శాతం, అదీ ఒక గరిష్ఠ పరిమితి దాకానే. మొదట్లో అది 5 వేల డాలర్లు, తర్వాత 7,500 చేశారు. పది లక్షల డాలర్ల కారు కొన్నా అంతే. చివరి రెండు నిమిషాల్లో ఎవరైనా పాడితే గడియారం మళ్ళీ రెండు నిమిషాలకు వెళ్తుంది. అందరూ ఇళ్ళలో లుంగీలతో కూర్చుని పాడుకోవచ్చు. కోటు లేదు, షాంపేన్ లేదు, సుత్తి అసలే లేదు. సుత్తి చప్పుడు వినకుండా కారు కొన్నవాడికి తను నిజంగా ఖర్చు పెట్టానన్న తృప్తి ఎలా కలుగుతుంది?

మన దేశ ప్రభుత్వం సంగతి ఇంకా దారుణం. 50 ఏళ్ళు దాటిన వింటేజ్ వాహనాలకు 2021 జులైలో కేంద్రం కొత్త నియమాలు తెచ్చింది. నంబరు ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల పక్కన 'వీఏ' అని ఉంటుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేల రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. రెన్యువల్‌కు 5 వేలు. తాతగారి ఫియట్ అయినా అంతే, జమీందారు గారి రోల్స్ రాయిస్ అయినా అంతే. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం గారి 1912 నాటి పసుపు పచ్చ రోల్స్ రాయిస్ లాంటిది ఎవరైనా తీసుకెళ్ళినా ఆర్టీఓ ఆఫీసులో కౌంటరు దగ్గర తీసుకునేది అదే 20 వేలు. శాతం అన్న ఆలోచనే ఆ ఫైలు రాసినవాళ్ళకు తట్టలేదు.

పైగా ఈ బండ్లను రోజువారీ పనులకు రోడ్డు మీద తిప్పకూడదు, కిరాయికి అసలే తిప్పకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, మరమ్మతుకో, పెట్రోలు కొట్టించుకోవడానికో అయితే వెళ్ళొచ్చని నియమాల్లోనే రాశారు. పెట్రోలు బంకులో మీటరు ఎంత చూపిస్తే అంతే కట్టాలి. మాంటెరే నుంచి ఎవరైనా చుట్టపుచూపుగా వస్తే కంగారు పడకుండా ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.