అంకెలు కలిస్తే జాతి కలిసినట్టేనా?

నైజీరియాలో నైజర్, బెన్యూ నదులు కలిసే చోట లొకోజా ఊరుంది. అక్కడి నుంచి నైజర్ వెంట కిందికి పోతే ఎడమ ఒడ్డున ఇడా వస్తుంది. ఇగాలా అనే జాతివాళ్ళ పాత రాజధాని అది. వాళ్ళ రాజును ఆటా అంటారు, అంటే తండ్రి. ఇడాలో ఒక పిల్లాణ్ణి అంకెలు చెప్పమంటే రెండు నుంచి పది దాకా ఇలా చెబుతాడు: ఎజి, ఎటా, ఎలె, ఎలు, ఎఫా, ఎబియె, ఎజో, ఎలా, ఎగ్వా. పడమటగా మూడొందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇబాదాన్‌లో యోరుబా అనే పెద్ద జాతి పిల్లాణ్ణి అడిగితే: ఎజి, ఎటా, ఎరిన్, ఆరున్, ఎఫా, ఎజె, ఎజో, ఎసన్, ఎవా.

రెండు, మూడు, ఆరు, ఎనిమిది మన చెవికి ఒకేలా వినిపిస్తాయి. కానీ అసలు సాక్ష్యం వాటిలో కంటే తేడా ఉన్నవాటిలోనే ఉంది. నాలుగు, ఐదు చూడండి. యోరుబాలో ‘ర’ ఉన్నచోట ఇగాలాలో ‘ల’ ఉంది. పదిలో యోరుబా ‘వ’కు ఇగాలాలో ‘గ్వ’ వచ్చింది. ఇరవైకి వాళ్ళు ఒగున్ అంటే వీళ్ళు ఒగ్వు అంటారు. సంతలో బేరాలాడుతూ పక్కవాడి అంకెలు అరువు తెచ్చుకుంటే అవి దాదాపు ఉన్నవున్నట్టే దిగుతాయి, ఇలా ఒక వరస ప్రకారం మారవు. ఒకే ఇంట్లో పుట్టి, వేరుపడ్డాక ఎవరి దారిన వాళ్ళు పలుకుతూ వస్తేనే ఇలాంటి తేడాలు కనిపిస్తాయి. అంకెలే కాదు, ఇంట్లో మాటలూ అంతే. నీళ్ళు ఇద్దరికీ ఒమి, చెవి ఇద్దరికీ ఎటి. బిడ్డ యోరుబాలో ఒమో, ఇగాలాలో ఒమా. కన్ను అక్కడ ఒజు, ఇక్కడ ఎజు. అయినా ఇబాదాన్ మనిషి ఇడా సంతలో నిలబడితే ఈ పదాలు నాలుగు చెవిన పడతాయేమో గానీ సంభాషణ మాత్రం అర్థం కాదు.

భాషా శాస్త్రవేత్తలు యోరుబా, ఇట్సెకిరి, ఇగాలా భాషలను కలిపి యోరుబాయిడ్ శాఖ అంటున్నారు. ఈ చుట్టరికం ఈనాడు కనిపెట్టినదేమీ కాదు. సియెర్రా లియోన్‌లోని ఫ్రీటౌన్‌లో విముక్తి పొందిన బానిసల దగ్గర కూర్చుని పదాలు రాసుకున్న జర్మన్ మిషనరీ సిగిస్మండ్ కోలె, 1854లో అచ్చు వేసిన సేకరణలో ఈ గుంపుకు ‘అకు-ఇగాలా’ అని పేరు పెట్టాడు. ఇందులో ‘అకు’ ఎవరంటే ఈనాడు మనం యోరుబా అంటున్నవాళ్ళే. ‘ఎ కు’ అంటూ పలకరించుకుంటారు కాబట్టి ఫ్రీటౌన్‌లో వాళ్ళకు ఆ పేరు పడింది. ఆ గుంపు పేరులో ఇగాలా మాట ఉంది, యోరుబా మాట లేదు!

ఇక్కడి దాకా పెద్దగా గొడవ లేదు. ‘అయితే ఇగాలా వాళ్ళు యోరుబాలేనా?’ అని ఎవరో ఒకరు అడగ్గానే మొదలవుతుంది. ఒక పక్షం ‘వాళ్ళు మా పవిత్ర నగరం ఇఫె నుంచి, మా మూలపురుషుడు ఒడుడువా సంతతి నుంచి విడిపోయిన తమ్ముళ్ళు’ అంటుంది. రెండో పక్షం ‘మీరే మా నదుల దగ్గర నుంచి పడమటికి వలసపోయారు’ అని తిప్పికొడుతుంది. నా మటుకు నాకు ఈ రెండు వాదాలదీ ఒకే పొరపాటు అనిపిస్తుంది. భాష వయసునూ జాతి పేరు వయసునూ ఇద్దరూ ఒకే కొలబద్దతో కొలుస్తున్నారు.

ఈ రెండు భాషలు విడిపోయేటప్పటికి, ఈనాటి యోరుబా వాళ్ళ పాత పెద్ద రాజ్యమైన ఓయో సామ్రాజ్యం లేదు, ‘యోరుబా’ అన్న జాతి పేరు అసలే లేదు. ఆ పేరు మొదట ఓయో వాళ్ళకు ఉత్తరాన హౌసా వాళ్ళు వాడినది. ఈనాడు యోరుబాలో భాగమైన ఎగ్బా, ఇజెబు, ఎకిటి, ఇజెషా వాళ్ళు ఎవరికి వారే ఉండేవారు. అంతెందుకు, ఇబాదాన్ మీద ఎకిటి, ఇజెషా వాళ్ళు 1877 నుంచి 1893 దాకా యుద్ధం చేశారు. వాళ్ళందరినీ ఒక పేరు కిందకు తెచ్చిన పనిలో అచ్చుయంత్రానికీ చర్చికీ పెద్ద వాటా ఉంది. చిన్నతనంలో బానిసగా అమ్ముడై, ఫ్రీటౌన్‌లో విముక్తుడై చదువుకున్న సామ్యూల్ అజాయి క్రౌదర్ 1843లో యోరుబా పదకోశం వేశాడు. తర్వాత బైబిల్ అనువాదం నడిపించాడు. 1859లో అబెయోకుటాలో ‘ఇవె ఇరోహిన్’ పత్రిక మొదలైంది. బడికి, చర్చికి వెళ్ళిన ఎకిటి పిల్లాడు ఓయో మాటకు దగ్గరగా ఉన్న ఆ రాతభాష నేర్చుకుని తానూ యోరుబా అనుకోవడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత రాజకీయం వచ్చింది. 1945లో లండన్‌లో యోరుబా నాయకుడు అవొలొవో, ఆయన మిత్రులు ‘ఎగ్బె ఒమో ఒడుడువా’ పెట్టారు. ఒడుడువా బిడ్డల సంఘం అని ఆ పేరుకు అర్థం.

ఇగాలా వాళ్ళు ఆ బడిలోనూ లేరు, ఆ సంఘంలోనూ లేరు. క్రౌదర్‌కు మాత్రం ఇడా బాగా తెలుసు. 1841లో బ్రిటిష్ వాళ్ళు నైజర్ మీద పంపిన ఓడల్లో వచ్చినవాళ్ళలో ఆయనా ఒకడు, ఆ ఏడాదే వాళ్ళు ఆటాతో ఒప్పందం చేసుకున్నారు. బిషప్ అయ్యాక, 1867లో, ఇడా దగ్గర నది మీద పెత్తనం చేసే అబొక్కో అనే ఇగాలా పెద్ద క్రౌదర్‌ను పట్టుకుని, డబ్బు ఇస్తే గానీ వదలనన్నాడు. విడిపించడానికి వెళ్ళిన బ్రిటిష్ అధికారి ఫెల్ బాణం దెబ్బకు చనిపోయాడు. యోరుబాకు రాతభాషను అమర్చిన మనిషి, ఆ భాషకు చుట్టమైన మాట మాట్లాడేవాళ్ళ చేతిలో బందీగా ఉన్నాడన్నమాట. అబొక్కోకు ఆయన నదిలో సరుకు వ్యాపారం చేసే తెల్లవాళ్ళ మనిషి, అంతే. ఆయన అంకెలు ఎలా లెక్కపెడతాడో అబొక్కోకు ఎందుకు?

ఇగాలా వాళ్ళు తమ గురించి తాము చెప్పుకునే కథలు వినాలంటే ఆటా దర్బారు చూడాలి. ఆటా రొమ్ము మీద ఇత్తడి ముఖం ఒకటి వేలాడుతుంది. దాని పేరు ఎజుబెజుఐలో, ఎదుటివాళ్ళ కళ్ళను బెదరగొట్టే కన్ను అని చెబుతారు. ఆ పేరులో ఉన్న ‘ఎజు’ ఇందాకటి కన్నే, యోరుబా ‘ఒజు’కు చెల్లెలు. కానీ ఆ వస్తువు పనితనం దక్షిణ నైజీరియాలోని పాత బెనిన్ రాజ్యానిది, యోరుబాది కాదు. బెనిన్ రాజు ఎసిగియె పదహారో శతాబ్దం మొదట్లో ఇదే ఇడా రాజ్యంతో యుద్ధం చేశాడు. ఆ యుద్ధంలో కొడుక్కు అండగా నిలిచిందని చెప్పుకునే రాజమాత ఇడియా దంతపు ముఖమే 1977లో లాగోస్‌లో జరిగిన ఫెస్టాక్ అనే ఆఫ్రికా కళల ఉత్సవానికి గుర్తయింది. ఆఫ్రికా అంతా తనదనుకున్న ఆ ముఖం వెనక ఇగాలా వాళ్ళతో పోరు ఉందని ఎంతమందికి గుర్తుందో!

ఆటాకు పట్టం కట్టేటప్పుడు చెవులు కుట్టిస్తారు. పూర్వం ఎబులె జోను అనే స్త్రీ ఆటాగా ఏలిందట, ఆమె గుర్తుగా. ఆమెను పెళ్ళాడిన వేటగాడు ఇగ్బో జాతివాడని కథ. అతని వంశంవాళ్ళు అచాడు అనే పదవిలో ఉంటారు. రాజును ఎన్నుకునే ఇగాలా మెలాకు, అంటే తొమ్మిది మూల వంశాలకు, అచాడుయే పెద్ద. ఈనాటికీ అచాడును ‘ఒకో ఆటా’ అంటారు, రాజుకు భర్త అని. రాజవంశం మాత్రం తూర్పున వుకారి నుంచి వచ్చిన జుకున్ జాతివాళ్ళదని ఎక్కువగా చెప్పుకుంటారు. మళ్ళీ ఆ జుకున్‌ల మీద యుద్ధంలో రాజ్యం నిలవడానికి ఆయెగ్బా రాజు కూతురు ఇనిక్పి సజీవ సమాధికి ఒప్పుకుందన్నది ఇగాలా వాళ్ళ అతి పెద్ద కథ. ఆమె విగ్రహం ఇడాలో ఉంది.

ఇప్పుడు లెక్క చూడండి. వంశం జుకున్, రాజును నిలబెట్టేవాడు ఇగ్బో, రొమ్ము మీద ముఖం బెనిన్, నోటి మాట యోరుబాకు చుట్టం. ఇఫె నుంచి వచ్చామన్న కథ కూడా ఒకటి ఉంది గానీ, దర్బారు ఆచారాల్లో దాని జాడ మిగతావాటంత గట్టిగా లేదు. అన్నిటికన్నా లోతైన బంధం భాషదే, కానీ జ్ఞాపకంలో అన్నిటికన్నా పలచగా ఉన్నదీ అదే. అంత పాత పంపకాలు ఎవరికి గుర్తుంటాయి? నిన్నటి యుద్ధం, మొన్నటి పెళ్ళి గుర్తుంటాయి.

ఇది మనకు కొత్తగా అనిపించనక్కర్లేదు. భద్రిరాజు కృష్ణమూర్తి లాంటివాళ్ళు తేల్చిన లెక్క ప్రకారం తెలుగు దగ్గరి చుట్టాలు గోండి, కుయి, కువి భాషలు. తమిళ, కన్నడాలు వేరే శాఖ. అయినా తెలుగువాడు కన్నడ, తమిళాలను పక్కింటివాళ్ళుగా చూస్తాడు గానీ ఆదిలాబాద్ గోండును భాషా సోదరుడని ఎప్పుడైనా అనుకున్నాడా? రేపు ఎవరైనా గోండులంతా తెలుగువాళ్ళేనని రాస్తే గోండులు ఒప్పుకుంటారా? ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

యోరుబాయిడ్ శాఖలోనే ఇంకో ఉదాహరణ ఇట్సెకిరి. వాళ్ళ మాట ఇగాలా కన్నా యోరుబాకు ఎంతో దగ్గర. కానీ వారి రాజవంశం బెనిన్ రాకుమారుడు గినువా నుంచి వచ్చిందని చెబుతారు, తాము వేరే జాతిమని గట్టిగా అంటారు. దీనికి తిరగేసిన కేసు ఒకున్ వాళ్ళది. ఇగాలా వాళ్ళు ఉన్న కోగి రాష్ట్రంలోనే నదికి పడమట కబ్బా, యగ్బా, ఇజుము వైపు ఉంటారు. వాళ్ళకూ పేరు పలకరింపు నుంచే వచ్చింది, ‘ఒకున్’ అంటూ పలకరిస్తారు. ఇగాలా వాళ్ళలాగే బ్రిటిష్ వాళ్ళు వీళ్ళనూ ఉత్తర నైజీరియాలో, అదే కబ్బా ప్రావిన్స్‌లో పడేశారు. అయినా వీళ్ళు మాట్లాడేది యోరుబా యాసలే కాబట్టి తాము యోరుబాలమనే అంటారు. ఒడుడువా పేరుతో యోరుబాలకు వేరే దేశం కావాలనేవాళ్ళ మ్యాపుల్లో వీళ్ళ ఊళ్ళుంటాయి. ఆ గీత నది దాటి ఇంకాస్త తూర్పుకు జరిగితే మాత్రం ఇగాలా వాళ్ళకు టెన్షన్. తమను దక్షిణాది వాళ్ళు ‘ఉత్తరాది’ అంటారు, ఉత్తరాది వాళ్ళు తమవాళ్ళుగా చూడరు. ఇప్పుడు మూడోవాళ్ళు వచ్చి ‘మీకు వేరే పేరే లేదు’ అంటే చిరాకు రాదా? చుట్టరికం ఉందని చెప్పడం ఒకటి, చుట్టం కాబట్టి మా ఇంటిపేరు పెట్టుకో అనడం ఇంకొకటి.

మన పల్లెల్లో దాయాదులంటే ఒకే రక్తం, ఒకే గట్టు దగ్గర తగాదా. కోగి రాజకీయాల్లో ఇగాలా, ఒకున్ వరస కొంచెం అలాగే ఉంటుంది. 1967లో క్వారా రాష్ట్రంలో, 1976లో బెన్యూ రాష్ట్రంలో కలిపిన ఇగాలా ప్రాంతాన్ని 1991లో కోగి ఏర్పడ్డప్పుడు మళ్ళీ ఒకున్ వాళ్ళతోనూ, ఎబిరా అనే ఇంకో జాతివాళ్ళతోనూ కలిపారు. 1999 నుంచి 2016 మొదటి దాకా అక్కడ ఎన్నికైన గవర్నర్లంతా ఇగాలా వాళ్ళే. ఒకున్ వాళ్ళలో ఒక్కరు కూడా ఎన్నికై ఆ కుర్చీ ఎక్కలేదు. 2015లో ఇగాలా నాయకుడు అబుబకర్ ఆడు, ఆయనకు డిప్యూటీగా ఒకున్ నాయకుడు జేమ్స్ ఫలెకె ఒకే టికెట్ మీద నిలబడి ముందంజలో ఉన్నారు. ఫలితం ప్రకటించకముందే ఆడు చనిపోయాడు. పార్టీ ఆయన స్థానంలో ఫలెకెను పెట్టకుండా, టికెట్ పోటీలో రెండో స్థానంలో నిలిచిన ఎబిరా నాయకుడు యాహయా బెల్లోను తెచ్చింది. ఫలెకె సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2016లో ఓడిపోయాడు.

2023 నవంబరులో మళ్ళీ ఎన్నికలొచ్చాయి. ఇగాలా వైపు నుంచి ముర్తలా అజాకా, ఒకున్ వైపు నుంచి డినో మెలయె వేర్వేరు పార్టీల తరఫున నిలబడ్డారు. అజాకాకు 2,59,052 ఓట్లు, మెలయెకు 46,362 ఓట్లు వచ్చాయి. 4,46,237 ఓట్లతో గెలిచిన ఉస్మాన్ ఒడొడో ఎబిరా. ఎబిరా భాష యోరుబాయిడ్ శాఖది కాదు, అది నుపె భాష వైపు చుట్టం.