తాళం వేసిన ఇంటికి ఉత్తమ పౌర పురస్కారం

మా వీధిలో ప్రతి తలుపు మీదా ఓ క్యూఆర్ స్టిక్కరు అంటించి వెళ్ళారు. చెత్త బండి వచ్చి దాన్ని స్కాన్ చేస్తే ఎక్కడో ఓ మ్యాప్ మీద పచ్చ చుక్క వెలుగుతుందట. చుక్కలన్నీ పోగేస్తే బిగ్ డేటా, బిగ్ డేటా ఉంటే సుస్థిర అభివృద్ధి. ఊరి పేరు మాత్రం అడక్కండి. డేటాలో గుర్తుపట్టే వివరాలు ఉండకూడదు కదా! గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో, ఇంట్లో తెలుగూ బజార్లో ఒడియా మాట్లాడే ఏ ఊరైనా అనుకోండి.

బండి రాకుండానే చుక్క ఎలా వెలుగుతుందని అజ్ఞానులు అడుగుతారు. స్టిక్కర్లన్నిటికీ ముందే ఫోటోలు తీసి పెట్టుకున్న సూపర్‌వైజర్ గారు టీ బడ్డీ దగ్గర కూర్చుంటారు. ఒక ఫోన్లో ఫోటో, ఇంకో ఫోన్లో స్కానరు. టకటకా కొట్టేస్తారు. టీ చల్లారేలోపు వార్డు అద్దంలా మెరిసిపోతుంది. తాగేసిన కాగితం కప్పుని ఎదురుగా ఉన్న చెత్త గుట్ట మీదికి విసురుతారు. ఆ గుట్ట మ్యాప్‌లో లేదు కాబట్టి కప్పు కూడా లేనట్టే.

మా వీధి చివరి ఇంటివాళ్ళు మగ్గాల పనికి సూరత్ వెళ్ళిపోయారు. గంజాం వైపు ఇదేం వింత కాదు. తలుపు తాళం తుప్పు పట్టింది. ఆ ఇల్లు మాత్రం రోజూ ఠంచనుగా చెత్త ఇస్తోంది. నిబంధనల ప్రకారం తడి, పొడి అని వేరు చేసి మరీ ఇస్తోంది. నీళ్ళు రాలేదని గొడవ చెయ్యదు. కరెంటు కాల్చదు. కార్బన్ వదలదు. ఈ లెక్కన వచ్చే ఆగస్టు 15న వార్డులో ఉత్తమ గృహం ఇదే. పెద్ద సారు వచ్చి తాళానికి శాలువా కప్పుతారు. స్పందన చెప్పమని మైకు తాళం కప్ప దగ్గర పెడతారు. అది ఏమీ అనదు. ఎంత వినయమో అని అందరూ చప్పట్లు కొడతారు. తర్వాత రాజధాని నుంచి వచ్చిన కన్సల్టెంటు ఓ స్లైడు వేస్తాడు: మిగతా ఇళ్ళవాళ్ళు కూడా తాళాలు వేసుకుని సూరత్ రైలెక్కితే, మన నగరం 2030 లక్ష్యాలను గడువుకి ముందే చేరుకుంటుంది.

ఆ సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు 2015లో ఐక్యరాజ్యసమితి పెట్టినవి, మొత్తం 17. నగరాలది పదకొండోది. ఊళ్ళో పుట్టే చెత్తలో ఎంత భాగం సేకరించి సరైన చోటికి చేర్చారో చూడమన్నారు. పాపం, వాళ్ళు కొలవమన్నది చెత్తని, స్టిక్కర్లని కాదు. డంపింగ్ యార్డు గేటు దగ్గర కాటా పెట్టి, బండ్ల తూకాన్ని స్కాన్ల లెక్క పక్కన పెడితే పదో తరగతి పిల్లాడు కూడా గుట్టు విప్పుతాడు. అందుకేనేమో కాటా జోలికి ఎవరూ పోరు. స్మార్ట్ సిటీల జాబితాలో వంద నగరాలుంటే ఒడిశాకి దక్కినవి భువనేశ్వర్, రూర్కెలా. మాలాంటి ఊళ్ళకి దక్కింది స్టిక్కరు. జనాభా ఎంతండీ అంటే ఇప్పటికీ 2011 లెక్కే చూపిస్తారు.

డేటా వద్దని కాదు నా గోల. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు, ముందే అంచనా వచ్చింది కాబట్టే లక్షల మందిని తరలించగలిగారు. కానీ అంచనా రాగానే ఎవరో ఒకరు వెళ్ళి తలుపు తట్టారు. తలుపు ఫోటో తీసుకుని టీ బడ్డీకి పోలేదు.

ఒక్క విషయంలో మాత్రం ఈ యంత్రాంగం అసలు పొరపాటు చెయ్యదు. కూలి కోయడంలో.

ఈ వైపు పట్టణాల్లో చీపురూ పారా పట్టేవాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. తాతల నాడు వచ్చి స్థిరపడిన రెల్లి కుటుంబాలు. ఒడిశా తెలుగువాళ్ళం అని ఉగాది సభల్లో గొప్పలు చెప్పుకునేటప్పుడు వీళ్ళు ఎవరికీ గుర్తురారు. వీళ్ళ హాజరు కూడా ఇప్పుడు ఫోన్లోనే. తెల్లారకముందే మొహం చూపించాలి, ఫోటో సర్వరుకి చేరాలి. మా వీధి ఊడ్చే ఆవిడ మొన్న నాతో అంది: "సిగ్నల్ నేదని రెండ్రోజుల కూలి కోసీసినారు బాబూ. టవరు నాను కట్నానేటి?"

ఆ రెండు రోజులూ ఆవిడ కాలువలో పూడిక తీస్తుంటే నేను చూశాను. ఒట్టి చేతులతో. గ్లవ్స్ ఇచ్చారో లేదో చూపించే చుక్క ఏ మ్యాప్‌లో ఉందయ్యా? సిరంజి గుచ్చుకుని వాచిన వేలికి ఏ రంగు వేస్తారు? బడ్డీ దగ్గర టీ తాగుతూ ఊరంతా శుభ్రం చేసిన పెద్దమనిషికి పూర్తి జీతం, మురికిలో మోకాళ్ళ దాకా దిగిన మనిషికి గైర్హాజరా? సిగ్గుండాలి.

మునిసిపాలిటీ సార్లూ, ఏ సందులో, ఏ రోజు, ఎన్ని ఫోన్ల నుంచి ఒకేసారి హాజరు చేరలేదో మీ సర్వరులోనే ఉంటుంది. కోసిన కూలి పట్టీ కూడా మీ దగ్గరే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి డబ్బు వెనక్కివ్వడానికి బిగ్ డేటా అక్కర్లేదు, ఒక గుమస్తాకి ఒక పూట పని. సోమవారం ఆఫీసు తెరవగానే ముందు ఆ పని చెయ్యండి. శాలువా తర్వాత చూసుకోవచ్చు.